పందిరి వేయని మూల

గోదావరి జిల్లాల్లో మనిషిని ఓడించడానికి కర్ర అక్కర్లేదు, కుర్చీ చాలు. కూర్చోమన్నాక నిలబడితే మొరటుతనం, పెట్టింది వద్దంటే అంతకంటె మొరటుతనం. వీరబ్రహ్మం మాస్టారు దయ్యాలనూ, దిష్టినీ, వాస్తునూ, వర్జ్యాన్నీ ముప్పై ఏళ్ళు తరగతి గదిలో నిలబెట్టి ప్రశ్నించినవాడే. కాని కుర్చీని కూడా ప్రశ్నించాలని ఆయనకు ఏనాడూ తోచలేదు.

తొంభై మూడో సంవత్సరం వేసవిలో మొదలైంది ఈ సంగతి. మొగల్తూరుకు దిగువన, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న చినమెరక ఊరి చుట్టూ అప్పటికే టైగర్ రొయ్యల చెరువులు వచ్చేస్తున్నాయి. ఊళ్ళో పెద్ద కమతందారు ఆదినారాయణరాజు గారు కూడా తమ పదిహేను ఎకరాల పొలం చెక్కను చెరువులుగా తవ్వించి, ఉప్పుటేటి నీళ్ళు పెట్టాలని నిశ్చయించుకున్నారు. ఆ చెక్కకు చుట్టూ వరిచేలే. ఉప్పునీళ్ళు ఊరి పక్క చేలలోకి దిగితే ఏం గతి అని రైతులు పంచాయితీలో అడ్డం తిరిగారు. అందరికంటె గట్టిగా అడ్డం తిరిగింది చిట్టెమ్మ. రాజుగారి చెక్కకు తూర్పున గట్టు ఆనుకుని ఉన్న ఎకరంన్నర ఆమెది. భర్త పోయాక దానితోనే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటోంది.

"ఉప్పునీళ్ళు నా చేలోకి రావని రాజుగారు చెప్తే నేను నమ్మనండి," అంది చిట్టెమ్మ, కొంగు నడుముకు బిగించి. "ఎవరి చెరువు వాళ్ళకి ముద్దు. బెమ్మం మేస్టారు చెప్తే నమ్ముతాను. ఆయన దేవుణ్ణే నమ్మడు, ఇంక రాజుగారి మొహం చూసి అబద్ధమాడతాడేంటండి?"

జనం గొల్లుమన్నారు. రాజుగారు అందరికంటె పెద్దగా నవ్వారు.

"అదిగో, నేననేదీ అదే. మన బ్రహ్మం చేతే కొలిపిద్దాం. నీళ్ళు ఏ మట్టిలో ఎంత వేగంగా దిగుతాయో వాడి దగ్గర లెక్క ఉంది. దిగే నేలైతే చెరువు మాట ఎత్తను. సరేనా?"

ఆ మాట వినగానే మాస్టారి ఒళ్ళు పులకరించింది. ఆ ఊళ్ళో బోరు వేయాలంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషి కావాలి. బడికి అదనపు గది కట్టాలంటే గుమ్మం ఏ దిక్కుకన్న తగవులో రెండు వర్షాకాలాలు గడిచిపోయాయి. అటువంటి ఊరు, మొట్టమొదటిసారి, ఒక పెద్ద నిర్ణయాన్ని కొలత మీద పెడతానంటోంది. రిటైరైన మరుసటేడు అంతకంటె గొప్ప సన్మానం మాస్టారికి ఎవరు చేయగలరు?

రాజుగారూ ఆయనా ఒక్క బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. రాజుగారు ఆయన్ని "ఏరా బ్రహ్మం" అంటారు. ఆయన రాజుగారిని "మీరు" అంటాడు. కంసాలి వీధి పిల్లవాడికీ, రాజుల లోగిలి పిల్లవాడికీ మధ్య ఆ తేడాను ఇద్దరూ గాలిలా పీల్చి పెరిగారు. అయినా స్నేహం స్నేహమే. మాస్టారి పెళ్ళికి పందిరి రాటలు రాజుగారి తోటలోవే. మాస్టారు దయ్యాల బావిలో దిగి కూర్చుని, దయ్యం లేదని ఊరికి చూపించిననాడు, పైన తాడు పట్టుకుని నిలబడ్డది రాజుగారే.

కొలిచే సరంజామా మాస్టారు సొంతంగా చేయించినదే. తారు డ్రమ్ములు కోసి, తన మేనమామ కొడుకు కొలిమిలో అంచులు సాగగొట్టించిన రెండు రేకు రింగులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదాని మధ్యలో చిన్నదాన్ని పెట్టి, రెండింటినీ జానెడు లోతు నేలలోకి కొట్టాలి. రెండింటిలోనూ నీళ్ళు పోయాలి. లోపలి రింగులో చెక్కస్కేలు ఆనించి, నీరు ఎంతసేపట్లో ఎంత తగ్గిందో చూడాలి. బయటి రింగులో నీళ్ళు ఎందుకంటే, లోపలి నీరు పక్కలకు జారిపోకుండా తిన్నగా కిందికే దిగాలని.

కొలిచే రోజు మాస్టారు చెక్కలోకి వెళ్ళేసరికి రాజుగారు ఏర్పాట్లన్నీ చేయించి ఉంచారు. పడమటి వైపు ఒకటి, నడుమ ఒకటి, ఉత్తరాన ఒకటి, మూడుచోట్ల కొత్త తాటాకు పందిళ్ళు. ప్రతి పందిరి కింద ఒక పేము కుర్చీ, కుండలో చల్లటి నీళ్ళు, చెక్కి పెట్టిన కొబ్బరిబోండాలు.

"ఇదంతా ఎందుకండీ?" అన్నాడు మాస్టారు, మొహమాటపడుతూ.

"ఊరు కోసం కొలిచేవాడివి. నిన్ను రోహిణి ఎండలో నిలబెడితే నా మొహాన ఉమ్మేస్తార్రా. కూర్చో."

మాస్టారు కూర్చున్నాడు. రాజుగారి పాలేర్లు పందిరి కిందనే రింగులు కొట్టారు. చుట్టూ జనం మూగారు. టీకొట్టు బుల్లబ్బాయి ముందు వరసలో గొంతుక్కూర్చున్నాడు.

"మేస్టారండీ, కోళ్ళగంప బాగుంది గానీ కోడేదండి?"

"కోడి నువ్వేరా. కదలకుండా కూర్చో, మూత పెడతాను."

"అడుగు లేని డ్రమ్ములో నీళ్ళు పోయడం ఎందుకండీ? నాకు నాలుగు మంచి మాటలు చెప్పినా అంతే గదండీ, తిన్నగా కిందకి పోతాయి."

జనం నవ్వారు. మాస్టారు నవ్వి, పాఠం ఎత్తుకున్నాడు. "ఇసుక రేణువుల మధ్య సందులు పెద్దవి. అందులో నీరు సంత విడిచినప్పటి జనంలా పోతుంది. బంకమట్టి సందులు కంటికి కనిపించనంత సన్నవి. అందులో నీరు సినిమా హాలు గేటు దగ్గర జనంలా నెట్టుకుంటూ నిలబడిపోతుంది. ఈ నేల సంతో, సినిమాహాలో మనకి ఈ స్కేలు చెప్తుంది."

స్కేలు చెప్పింది. మొదటి పందిరి కింద నీరు తగ్గినట్టే లేదు. రెండోచోటా అంతే. మూడోచోట పొద్దు నడినెత్తికి వచ్చేసరికి గోరంత తగ్గింది, అదీ వేడిగాలికి ఆవిరైనదే కావచ్చునని మాస్టారు చెప్పాడు. నల్లటి, జిగురైన, దమ్ము చేస్తే కాలు ఊడిరాని మట్టి. చిట్టెమ్మ ముందుకు వంగి, రింగులోని నీటిని చాలాసేపు చూసింది. ఆమె భుజాలు కాస్త సడలడం మాస్టారు గమనించాడు.

ఆయన చిన్న రింగును చేతిలోకి తీసుకుని తూర్పు మూల వైపు చూశాడు. చిట్టెమ్మ గట్టును ఆనుకున్న మూల అది. అక్కడ పందిరి లేదు. మాడు పగిలే ఎండ మాత్రం ఉంది.

"అక్కడ కూడా ఒకటి చూస్తే బాగుంటుందేమోనండి," అన్నాడు.

రాజుగారు వచ్చి ఆయన చేతిలోని రింగును మెల్లిగా అందుకుని పాలేరుకు ఇచ్చేశారు. "భోజనాలు చల్లారిపోతున్నాయిరా. మా ఆవిడ తెల్లవారుజామునే లేచి పనసపొట్టు కూర చేయించింది. అక్కడా ఇదే మట్టి. నీ మీద ఒట్టు."

"ఒట్ల మీద నాకు నమ్మకం లేదని మీకు తెలుసు గదండీ."

"నా మీదైనా ఉందా?"

"మీ మీద లేకేంటండీ," అన్నాడు మాస్టారు.

ఆ మధ్యాహ్నం లోగిట్లో రాజుగారి భార్య రత్నమాణిక్యమ్మ గారు కొసరి కొసరి వడ్డించారు. పనసపొట్టు, చేపల పులుసు, గడ్డపెరుగు, ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకులు. సాయంత్రం బడి వరండాలో మాస్టారు రెండు గాజు సీసాల్లో ఇసుకా, బంకమట్టీ పోసి, ఊరివాళ్ళ కళ్ళముందే నీళ్ళు పోసి చూపించి, ఆ నేల నీళ్ళు వదిలే నేల కాదని చెప్పాడు. పంచాయితీ తీర్మానం మీద చిట్టెమ్మ వేలిముద్ర వేసింది. వేశాక సిరా వేలిని గోడకు రాస్తూ, "మీరు చెప్పారు, నేను వేశాను," అంది.

చెరువులు తవ్వారు. ఆ ఏడు సార్వా పంట బాగానే పండింది, వానలు దండిగా పడ్డాయి గనక. తేడా రెండో పంట దాళ్వాలో తెలిసింది.

మాఘమాసం వెళ్ళిపోతుండగా ఒక ఉదయం చిట్టెమ్మ మాస్టారి ఇంటికి వచ్చింది. ఒక చేతిలో వేళ్ళతో పీకిన వరిదుబ్బు, రెండో చేతిలో చెంబు. దుబ్బు కొసలు నిప్పు తగిలినట్టు మాడి ఉన్నాయి.

"నా చేలో నీళ్ళండి. నాలిక మీద వేసుకు చూడండి."

"నాలుక సాక్ష్యం చాలదమ్మా," అన్నాడు మాస్టారు. చెంబులో నీళ్ళు స్టీలు పళ్ళెంలో పోసి పొయ్యి మీద పెట్టాడు. నీరు ఇగిరిపోయాక పళ్ళెం అడుగున తెల్లటి పెచ్చు కట్టింది. వేలితో గీసి చూశాడు. ఇంక నాలుక అవసరం లేకపోయింది.

"ఇది డ్రైనులోంచి వచ్చుండాలి. సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగుకోడు ఎగదంతుంది."

"డ్రైను అటేపుందండి. చేను ఇటేపు నుంచి ఎండుతోంది. రాజుగారి గట్టు కాణ్ణించి."

మాస్టారు పళ్ళెంలోని పెచ్చును మళ్ళీ ఒకసారి గీశాడు.

"రాజుగారి మడిసి వచ్చెళ్ళాడండి," అంది చిట్టెమ్మ, దుబ్బు మట్టి దులుపుతూ. "పాడైపోయిన చేను నీకెందుకు, లీజుకిచ్చేయి, దీన్ని కూడా చెరువులో కలిపేస్తాం అంటున్నారు. ఉగాది వెళ్ళాక కాయితం మీద వేలు పెట్టాలంట. గట్లు తవ్వి కలిపేశాక నా చేను ఏదని ఎవరిని అడగనండి? మీరైతే వేలు పెట్టమంటారా, వద్దంటారా?"

"ఆగు. కొలవనీ."

ఆ మాట అన్నాక, చిట్టెమ్మ ఆయన్ని అదోలా చూసింది. కొలిచినందుకే గదా ఈ గతి అన్నట్టుగా.

ఆ మధ్యాహ్నం మాస్టారు రింగులు సైకిలుకు కట్టుకుని ఆమె చేలోకి వెళ్ళాడు. చేను నడుమ కొడితే బంకమట్టే, నీరు కదల్లేదు. అక్కడినుంచి రాజుగారి గట్టు వైపు జరిగాడు. గట్టు అడుగున ఎండిపోయిన చోట, పైకి అదే నల్లమట్టి. రింగు పెట్టి, దాని మీద చెక్క వేసి, సుత్తితో ఒక దెబ్బ కొట్టాడు. గట్టిగా ఉంది. రెండో దెబ్బకు రింగు కసుక్కున లోపలికి దిగడంతో, ఆయన తూలి చిట్టెమ్మ చేయి పట్టుకున్నాడు.

నల్లమట్టి పైన కంబళిలా ఉంది, అంతే. దాన్ని తీసేసి, కింది నేలలో రింగులు కొట్టి, కుండతో నీళ్ళు పోశాడు. స్కేలు ఆనించి గడియారం చూద్దామని మణికట్టు తిప్పేలోపు, ఎవరో గటగటా తాగినట్టు చప్పుడు చేసి నీళ్ళు పోయాయి. మళ్ళీ పోశాడు. మళ్ళీ పోయాయి. చేయి పెట్టి తీస్తే పసుపుపచ్చటి ఇసుక, అందులో గోరుముక్కల్లాంటి తెల్లటి గుల్లలు. సముద్రపు గుల్లలు. ఏ కాలంలోనో సముద్రపు ఒడ్డు ఇక్కడ ఉండి ఉంటుంది. అది వెనక్కి జరుగుతూ ఒక ఇసుక దిబ్బను వదిలిపెట్టింది, గోదావరి దాని పక్కలన్నిటా ఒండ్రు పోసింది. రాజుగారి చెరువు తూర్పు గట్టు ఆ దిబ్బ నడినెత్తిన కూర్చుంది. ఎత్తున నిలిపిన ఉప్పునీరు దిబ్బలోంచి నడిచి వచ్చి చిట్టెమ్మ చేలో తేలుతోంది.

మాస్టారికి గుండె బరువెక్కింది. అయినా ఆ బరువులోనే ఒక చిన్న ఊరట ఉంది. పైన నల్లమట్టి పరుచుకుని ఉంటే అడుగున ఇసుక ఉందని ఎవరికి తెలుస్తుంది? నాకు తెలియలేదు. రాజుగారికీ తెలియదు. ఈ రుజువు చూపిస్తే ఆయనే ముందు నొచ్చుకుంటారు. ఆ చెరువు ఆయనే ఖాళీ చేయిస్తారు. సైకిలు తొక్కుకుంటూ ఇంటిదాకా ఆ ఆలోచన మీదే వచ్చాడు.

పెరట్లో రింగులు కడుగుతుంటే లోపలి అంచుకు అంటుకున్న ఇసుక నేల మీద పడింది. పక్కనే, ఇంటి అరుగు మూల, పందికొక్కు తవ్విపోసిన ఇసుక కుప్ప ఉంది. ఏళ్ళ తరబడి అది రాత్రిళ్ళు తవ్వుతుంది, పొద్దున్నే ఇల్లాలు ఆ కన్నంలో గాజుపెంకులు కూరుతుంది. మాస్టారు ఆ కుప్పను ఎన్నో వందలసార్లు దాటి నడిచాడు. ఇవాళ వంగి చూశాడు. అదే పసుపు. అవే గుల్లలు.

"అప్పాయమ్మా," అని పిలిచాడు. "ఈ ఇసుక ఎక్కడిది?"

ఆయన భార్య బియ్యం చెరుగుతూ గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడిదేంటండీ, మనింటి కిందది. పునాదిలో పోసింది."

"పునాదిలోకి ఎక్కడినుంచి వచ్చింది?"

"రాజుగారు తోలించారు గదండీ, బళ్ళ మీద. మీరప్పుడు రాజమండ్రిలో ట్రైనింగులో ఉన్నారు. వాళ్ళ తూర్పు చేలో తవ్వించారు. ఆయనే గొడుగేసుకుని వచ్చి దగ్గరుండి పోయించారు. గొయ్యి పడిందని తర్వాత పంటబోదె పూడిక తీసిన నల్లమట్టి వేయించి చదును చేయించుకున్నారంట." ఆమె చేటను ఒకసారి ఎగరేసి, ఏదో గుర్తొచ్చి నవ్వింది. "ఆ రోజు ఇంత గుల్ల చేతిలో పెట్టి, 'ఏవమ్మాయ్, మీ ఆయన ఇల్లు సముద్రం మీద కట్టిస్తున్నాను చూడు' అన్నారు. మంచి చమత్కారి లెండి."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడైనా ఇసుక సంగతి అడిగారా? నోరు తెరిస్తే ఇంట్లో నక్షత్రాల సంగతులే గదా."

మాస్టారు అరుగు మీద కూర్చున్నాడు. ఆయన కాళ్ళ కింద ఇల్లు ఉంది, ఇంటి కింద ఇసుక ఉంది. ప్రేమతో పోయించిన ఇసుక. గొయ్యి తీయించిన మనిషికీ, మట్టి కప్పించిన మనిషికీ, 'అక్కడా ఇదే మట్టి' అన్న మనిషికీ ఒకే ముఖం. సాయంత్రం దాకా ఆయన అక్కడినుంచి లేవలేదు. మూడు పందిళ్ళూ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఆ పందిళ్ళు తన నెత్తి మీద ఎండ పడకుండా వేసినవి కావు. ఎక్కడ కొలవాలో గీసి చూపించడానికి వేసినవి. తాను ఒక్క చోటు కూడా ఎంచుకోలేదు. నీడ ఎంచుకుంది.

మర్నాడు ఉదయం రాజుగారు వాకిట్లో పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు.

"రా బ్రహ్మం. కూర్చో."

మాస్టారు నిలబడే ఉన్నాడు. జేబులోంచి పొట్లం తీసి, ముందున్న బల్ల మీద ఇసుక గుమ్మరించాడు. రాజుగారు పేపరు మడిచి, ఒక గుల్లను వేలితో అటూ ఇటూ దొర్లించారు.

"మీకు తెలుసు," అన్నాడు మాస్టారు.

"తెలుసు," అన్నారు రాజుగారు, వేళ ఎంతయిందని అడిగితే చెప్పినంత తేలిగ్గా. "నేను అబద్ధమాడించానా నీ చేత? పడమటి మట్టి పడమటి మట్టే. నువ్వు కొలిచిందీ నిజమే, చెప్పిందీ నిజమే."

"తూర్పు మూలా ఇదే మట్టి అన్నారు మీరు."

"పైన అదే మట్టి గదరా. నేను వేయించిందే."

ఆయన నవ్వబోయి, ఎదురుగా నవ్వు దొరక్క ఆపేశారు.

"కావలసిన కాగితం రాసిచ్చేవాళ్ళు భీమవరంలో ఎంతమందైనా దొరుకుతారు గదండీ. నన్నెందుకు తీసుకెళ్ళారు?"

రాజుగారు గుల్లను ఇసుక కుప్పలోకి తోసేశారు. జవాబు చెప్పినప్పుడు ఆ గొంతులో వెటకారం లేదు, అదే మాస్టారికి ఎక్కువ బాధగా తోచింది. "కాగితం ఎవడైనా ఇస్తాడు బ్రహ్మం. చిట్టెమ్మ కాగితాన్ని నమ్మదు. నిన్ను నమ్ముద్ది. ఊరంతా అంతే. నీకు తూర్పు మూల సంగతి ముందే చెప్తే నువ్వు ఒప్పుకోవు, నాకు తెలుసు. అందుకని నువ్వు అబద్ధం ఆడక్కర్లేకుండానే పని అయ్యేటట్టు చూశాను. నీ కోసం కూడా ఆలోచించాన్రా నేను."

లోపలినుంచి రత్నమాణిక్యమ్మ గారు పళ్ళెంలో పూతరేకులు తెచ్చి పెట్టి వెళ్ళారు.

"నాలుగేళ్ళలో ఈ చుట్టుపక్కల వరి అనేది ఉండదు. చిట్టెమ్మ చేను ఇవాళ కాకపోతే రేపు చెరువే. మంచి లీజు ఇస్తాను, ఆ పిల్లల చదువు నేను చూస్తాను. నువ్వు లేచి తప్పని అరిచావనుకో, ముందు పోయేది నా చెరువు కాదు, నీ మాట. పోయినేడు ఒకటి చెప్పి ఈయేడు ఒకటి చెప్పేవాణ్ణి ఊళ్ళో ఏమంటారో నీకు నేను చెప్పాలా? తిను."

మాస్టారు పళ్ళెం వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో పెట్టింది ముట్టుకోకుండా మెట్లు దిగాడు. వెనకనుంచి, "ఎండెక్కుతోంది, రిక్షా పిలిపిస్తానుండు," అన్న మాట వినిపించింది. ఆ మాటలో నిజమైన ఆదుర్దా ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు.

రెవెన్యూ ఆఫీసుకు ఆయన అర్జీ పెట్టుకున్నాడు. తాను పోయిన వేసవిలో ఊరికి చెప్పిన మాట చెల్లదనీ, అధికారుల ఎదుట మళ్ళీ కొలుస్తాననీ అందులో రాశాడు. లీజు కాగితం మీద వేలు పెట్టవలసిన రోజుకు వారం ముందు, ఒక యువ అధికారి జీపులో వచ్చాడు. ఊరు ఊరంతా గట్టు మీదికి చేరింది.

తూర్పు మూల చిట్టెమ్మ చేలో, గట్టు మొదట్లో ఒక కొత్త పందిరి వేసి ఉంది. దాని కింద రెండు కుర్చీలు, కొబ్బరిబోండాలు. అధికారి వెళ్ళి ఒక దాంట్లో కూర్చున్నాడు. రాజుగారు రెండో కుర్చీ వైపు చేయి చూపించారు.

"కూర్చోండి మాస్టారూ," అన్నారు. నలుగురిలో కూడా "ఏరా" అనే రాజుగారు ఆయన్ని "మీరు" అనడం ఇదే మొదలు, ఆ మాట గడప అవతలినుంచి వచ్చినట్టుంది.

మాస్టారు పందిరి దాటి, ఎండలోకి పోయి, గునపంతో నల్లమట్టి తీయడం మొదలెట్టాడు.

"మాదో సందేహమండి," అన్నారు రాజుగారు, జనం వైపు తిరిగి. "పోయినేడు కొలిచిన మాస్టారూ, ఈయేడు కొలిచే మాస్టారూ ఒకరేనా, వేరు వేరాండి? ఎవర్ని నమ్మమంటారు?"

"పోయినేడు మాస్టారు భోంచేసి కొలిచారండి," అన్నాడు బుల్లబ్బాయి వెనకనుంచి. "ఈయేడు ఖాళీ కడుపండి."

నవ్వులు లేచాయి. వాటిలో కొన్ని తనను దెబ్బ కొట్టడానికే లేచాయని మాస్టారికి తెలుసు. రింగులు దిగగొట్టి ఆయన సుత్తి కింద పెట్టాడు.

"పోయినేడు నేను నేలను కొలవలేదు. రాజుగారు నీడ వేసిన చోట్లు కొలిచాను. ఈ గట్టుకు అటుపక్క మూల కొలుస్తానంటే అక్కడా ఇదే మట్టి అన్నారు. ఆ మూల ఇసుక తవ్వి నా ఇంటి పునాదిలో పోయించింది ఆయనే. ఆయనకు తెలుసు. నేను నమ్మాను. ఇప్పుడు ఎవరినీ నమ్మకండి, నన్ను కూడా. నీళ్ళు చూడండి."

ఆ మాటలు అంటున్నప్పుడు నెత్తి మీద ఎండ తగ్గినట్టయింది. తల ఎత్తి చూస్తే రాజుగారు పక్కన నిలబడి, తమ నల్ల గొడుగు ఆయన తలపైకి పట్టారు. ముఖంలో కోపం లేదు. అలవాటు ఉంది, అంతే. తాడు పట్టుకుని బావి పైన నిలబడిన కుర్రవాడి ముఖమే అది. మాస్టారు రెండడుగులు పక్కకు జరిగి ఎండలో నిలబడి, కుండ ఎత్తి నీళ్ళు పోశాడు.

నీళ్ళు గుటకవేసినట్టు పోయాయి. అధికారి కుర్చీలోంచి లేచి వచ్చాడు. తానే ఒక కుండెడు పోశాడు. అవీ పోయాయి. తూర్పు చెరువు వెంటనే ఖాళీ చేయాలనీ, మళ్ళీ అందులో నీరు పెట్టకూడదనీ అధికారి అక్కడికక్కడే రాయించాడు.

"ఆయ్, అలాగేనండి," అన్నారు రాజుగారు మర్యాదగా. గొడుగు ముడిచి, అధికారిని భోజనానికి పిలిచి, మాస్టారిని పిలవకుండా గట్టు వెంట నడిచి వెళ్ళిపోయారు.

జనం పలచబడ్డారు. చిట్టెమ్మ లీజుకు ఇక వేలు పెట్టనక్కర్లేదు. ఆ సంగతి తెలిసిన వెలుగేదీ ఆమె ముఖంలో లేదు. మాస్టారు రింగులు పైకి లాగి మట్టి దులుపుతుంటే, వచ్చి చిన్న రింగును ఆయన చేతిలోంచి తీసుకుంది. గబగబా నడిచి చేను మధ్యకు, మాడిపోయిన దుబ్బుల మధ్యకు వెళ్ళి, ఒకచోట కాలితో గీత గీసింది.

"ఇక్కడ పెట్టండి."

"అక్కడ చూశానమ్మా. అది బంకమట్టి. నీరు దిగదు."

"మీరు చూశారండి. నేను చూళ్ళేదు." ఆమె గొంతు హెచ్చలేదు. "వానలు పడితే ఈ ఉప్పు కిందకి దిగిపోతాదో, ఇక్కడే కూర్చుంటాదో నాకు తెలియాలి గదండీ. ఆ చోటు వద్దు, ఇక్కడ. నేను చెప్పిన చోట."

మాస్టారు పెద్ద రింగు ఎత్తుకుని ఆమె గీత దగ్గరికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు ఎన్నో తరగతులకు ఆయన ఒక్కటే చెప్పాడు: ఎవరు చెప్పినా నమ్మకండి, మీరు స్వయంగా చూడండి. ఒక్కరైనా ఆ మాట తన ముఖం మీదే తిరిగి అంటారని ఎదురుచూశాడు. ఇవాళ అన్నారు. సంతోషం రాలేదు.

రింగులు రెండూ కొట్టాడు. చిట్టెమ్మే బోదెలోంచి కుండతో నీళ్ళు తెచ్చి పోసింది. స్కేలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఒక ఎండు వరిగడ్డి పరకను విరిచి, నీటిమట్టం దగ్గర రింగు రేకుకు బురదతో అంటించింది. తర్వాత ఆ ఎండలోనే రింగు పక్కన గొంతుక్కూర్చుంది. మాస్టారు ఎదురుగా కూర్చున్నాడు.

పోయిన వేసవిలో నీరు కదలకపోతే ఊరంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడూ నీరు కదలలేదు. గడ్డిపరక అంచున అది అలాగే నిలబడి ఉంది. చిట్టెమ్మ నీళ్ళ వైపే చూస్తోంది, ఆయన వైపు చూడలేదు.

"ఈ ఉప్పు పోడానికి ఎన్నేళ్ళండి?" అంది చివరికి.

"చూద్దాం," అన్నాడు మాస్టారు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.